ఉత్త పళ్లెంలో పురుగులు

హలో, వినబడుతోందా అండీ? సిగ్నల్ సరిగ్గా లేకపోతే కాస్త కిటికీ దగ్గరికి జరగండి. నా గొంతు ఎలాగూ పెద్దది కాదు, పైగా అలసిపోయి ఉన్నాను.

నేను ఒక డిజిటల్ మైక్రోస్కోపును. అరచేతిలో పట్టేంత ఒళ్లు, ఒక వైరు, కిందివైపు ఒక్క కన్ను. నా కింద ఏది పెట్టినా టీవీ తెర మీద ఎన్నో రెట్లు పెద్దగా చేసి చూపించడమే నా పని. ఏదో ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి మెత్తటి గుడ్డతో నా కన్ను తుడిచి పెట్టెలో పడుకోబెట్టింది. అంత సుఖం మళ్లీ దొరకలేదు.

జగిత్యాల అవతల ఒక ఊరి బడికి నన్ను పంపారు. పిల్లలు తామే చూసి, తామే అడిగి, తామే తెలుసుకోవాలని పెట్టె మీద రాసి ఉంది. హెడ్మాస్టర్ విఠల్ సార్ అది చదివినట్టు లేదు. మంచి మనిషే. కొత్త వస్తువు వచ్చిందంటే కొబ్బరికాయ కొట్టి బొట్టు పెట్టాల్సిందే ఆయనకు. బొట్టు నుదుటన కదా పెట్టాలి, నాకు నుదురెక్కడిది? ఉన్నదంతా కన్నే. దానికే నిండుగా కుంకుమ పెట్టి, తర్వాత పైపైన తుడిచాడు.

మొదటగా మధ్యాహ్నం అన్నం వండే నీళ్లు తెచ్చారు. పళ్లెంలో పోసి నా కింద పెట్టగానే తెర నిండా ఎర్రటి చుక్కలు.

"పురుగులు," అన్నాడు సార్. వంట చేసే రాజవ్వను పిలిపించాడు. "గీ నీళ్లతోనా పిల్లలకు వండుతున్నవ్? రేపటి సంది రాకు. వేరేటోళ్లను పెట్టుకుంటం."

రాజవ్వ గరిటె పట్టుకునే వచ్చింది. "నా మనుమరాలు గూడ గిదే అన్నం తింటది సారూ. దానికి పురుగులు పెడ్తనా?" అంటూ గడప దగ్గరే కూలబడింది. ఆ పని పోతే ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు. నేనేం చేయను? నాకు చూపించడమే వచ్చు.

తొమ్మిదో తరగతి నవనీత తెర వంకే చూస్తోంది. "సార్, పళ్లెం కదిపితే నీళ్లు కదుల్తున్నయి. పురుగులు కదుల్తలేవు."

"సచ్చినయేమో."

"సచ్చినా నీళ్లతోని పోవాలె గద సార్. ఉత్త పళ్లెం పెట్టి సూద్దామా?"

పెట్టారు. చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఇగ మీ చెయ్యి పెట్టుండ్రి సార్."

పెట్టాడు. ఆయన బొటనవేలి నిండా అవే పురుగులు. వెనక బెంచీ నుంచి ఎవరో, "సార్‌ను గూడ రేపటి సంది రావద్దందామారా?" అన్నారు. గదంతా నవ్వింది. నవనీత నన్ను తిరగేసి చున్నీ అంచుతో కన్ను తుడిచింది. అంచుకు కుంకుమ అంటింది.

ఆ మధ్యాహ్నం రాజవ్వే వడ్డించింది. సార్ తిని, మారు కూడా అడిగాడు. తప్పయిందని మాత్రం అనలేదు. "పప్పుల ఉప్పు జర తక్కువైంది," అన్నాడు.

"రేపు సూస్త సారూ," అందామె.

మరునాడు నన్ను బీరువాలో పెట్టి తాళం వేశాడు. "పిల్లల చేతుల పాడైతే ఎవలు జవాబుదారి?" అన్నాడు. నవనీత ఓ రోజు ఆకు, ఓ రోజు చచ్చిన చీమ పట్టుకొచ్చి అడిగేది. "పై ఆఫీసర్లు చెకింగుకు వస్తే తీస్తం తియ్," అనేవాడు. తీశారు కూడా, ఫొటోకు. ఆ పిల్ల పది పాసై వెళ్లిపోయింది. నేను డస్టర్ల మధ్య చీకట్లో ఉన్నాను. సార్ మీద కోపం లేదు. అంతమంది ముందు తన వేలు తానే చూసుకోవడం ఆయనకు కష్టమైనట్టుంది. కన్ను ఇంకా బాగానే పనిచేస్తుంది, అదే బాధ.

ఉంటానండీ. మీకు తెలిసిన బడిలో బీరువా తాళంచెవి ఎవరి జేబులో ఉందో కనుక్కుని, ఈ కథ ముందు వాళ్లకే పంపండి.