విరగని కాలికి కట్టిన వెదురు

నేను ఒక వెదురు బద్దను. ఎముకలు కట్టే దొరస్వామి నన్ను కత్తితో చీల్చి, అంచులు నున్నగా చెక్కి, పొగ పట్టించి చూరులో దోపుకున్నాడు. మొదట మామిడిచెట్టు మీంచి పడ్డ ఒక కూలీ ముంజేతికి వెళ్ళాను. ఎముక చక్కగా అతుక్కుంది. అతను గంపెడు కాయలు తెచ్చి దొరస్వామికి దండం పెట్టాడు. నాకెవరూ పెట్టలేదు. కట్టు విప్పాక మళ్ళీ చూరులోకే వెళ్ళాను.

తర్వాత మునిలక్ష్మి వచ్చింది. ఏడేళ్ళ పిల్ల, కుడి మోకాలు వాచింది. పొద్దున లేవగానే గోడ పట్టుకుని కుంటుతుందట, మధ్యాహ్నానికి మామూలుగా తిరుగుతుందట. బడి ఎగ్గొట్టే వేషాలనుకుని తల్లి ధనమ్మ మొదట వీపు మీద రెండు వేసింది కూడా. వాపు తగ్గకపోయేసరికి భయపడి ఇక్కడికి ఎత్తుకొచ్చింది. ఎక్కడ పడ్డావని దొరస్వామి అడిగాడు. పడలేదంది పిల్ల. పడ్డచోటు పిల్లలు చెప్తారా అని పెద్దవాళ్ళిద్దరూ నవ్వుకున్నారు.

ఆకు పసరు, కోడిగుడ్డు సొన, గుడ్డపీలికలు, అటు నేను, ఇటు నా జత బద్ద. వంగిన మోకాలిని వంగినట్టే ఉంచి బిగించేశాడు. వారం వారం విప్పి మళ్ళీ కట్టేవాడు.

విరిగిన ఎముక నాకు కొత్త కాదు. దాని వేడి పోనుపోను చల్లారుతుంది. ఈ మోకాలు చల్లారలేదు. తెల్లారేసరికి ఉబ్బి నన్ను బయటికి తోసేది. పైన తొడ మాత్రం రోజురోజుకీ సన్నబడి గుడ్డ వదులైపోయేది. అరవడానికి నాకు నోరేది?

దొరస్వామికి తెలియాల్సింది. అతని వేళ్ళ కణుపులు వాచి పొద్దున్నే పిడికిలి పడదు. వేడినీళ్ళలో చేతులు ముంచి, అవి వదులయ్యాకే కట్లు మొదలుపెట్టేవాడు. ఎవరైనా అడిగితే "కీళ్ళవాతం నాయనా, ముసిలోళ్ళకు తప్పదు" అనేవాడు. పిల్లలకు రాదని అతని నమ్మకం. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆ వాచిన వేళ్ళతోనే పిల్ల మోకాలు తడిమి, విరిగిన చోటు వెతికేవాడు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకుందును. పిల్ల ఏడిస్తే బెల్లంముక్క పెట్టేవాడు.

మూడో నెలలో మునిలక్ష్మి నిలబడలేక కూలిపోయింది. ధనమ్మ బస్సెక్కించి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ కత్తెరతో కట్టు కోసి మమ్మల్ని బుట్టలో పడేసింది. చాపబోతే కాలు సాగలేదు. ఎక్స్‌రేలో ఎముక ఎక్కడా విరగలేదు. రక్తపరీక్షలు చేయించి, చీము లేదని తేల్చుకుని, ఇది పిల్లలకొచ్చే కీళ్ళవాతమని చెప్పింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే కీళ్ళ మీద పడుతోందట. కీలులోకి ఇంజెక్షను, వారానికొకసారి మాత్రలు, రోజూ కాలు చాపించే కసరత్తు. కళ్ళకూ ముప్పుంది కాబట్టి నొప్పి, ఎరుపు లేకపోయినా చూపిస్తూ ఉండాలంది. ముందే వచ్చుంటే కాలు బాగా సాగేదని, ఇప్పుడు ఎంత సాగుతుందో చెప్పలేనని కూడా అంది.

"పిల్లోళ్ళకు గూడా వస్తాదామ్మా?" అని మాత్రం అడగగలిగింది ధనమ్మ.

ఇంకెక్కడైనా నొప్పి ఉందా అని డాక్టరమ్మ పిల్లనడిగింది. మునిలక్ష్మి బుట్టలో ఉన్న నావైపు చాలాసేపు చూసింది. నన్ను మళ్ళీ ఎవరూ తీయరని నమ్మకం కుదిరాక, పావడా కొంచెం పైకి లాగి ఎడమకాలి చీలమండ చూపించింది. అదీ వాచి ఉంది.

"ఇది గూడా శానా దినాలుగా నొస్తా ఉండాది. చెప్తే దీనిక్కూడా కట్టేస్తారని చెప్పలే."