ఆమెన్ అన్న పాపానికి

లిఫ్టాయన చెడ్డవాడేం కాదు. ప్రతి ఆదివారం భార్యతో, అత్తగారితో కలిసి చర్చికి వెళ్ళేవాడు. పాటలకు నిలబడేవాడు, కానుక వేసేవాడు, ప్రసంగానికి కూర్చునేవాడు, కూర్చున్న మరుక్షణం నిద్రపోయేవాడు. వారమంతా పాత భవనాల్లో ఆగిపోయిన లిఫ్టులు బాగుచేస్తూ తిరిగే మనిషికి ఎవరూ ఫోను చెయ్యని చోటు అదొక్కటే. తను కాస్త కునుకు తీస్తే దేవుడేమీ అనుకోడని అతని నమ్మకం. నమ్మకమంటూ అతనికి ఉన్నది దాదాపు అంతే.

అనుకునేదల్లా అత్తగారు. అల్లుణ్ణి ఎదురుగా ఒక్క మాట అనే మనిషి కాదావిడ. ఏం చెప్పాలన్నా దేవుడితోనే చెప్పేది. పొద్దున్నే ముందుగదిలో మోకాళ్ళ మీద కూర్చుని, ఇల్లంతా వినబడేలా మొదలుపెట్టేది.

"ప్రభువా, తడి తువ్వాలు మంచం మీద పడేసేవాళ్ళ మనసు మార్చు తండ్రీ. ప్రసంగం వేళ గురకపెట్టేవాళ్ళ కళ్ళు తెరువు. మా అమ్మాయి ఓర్పును దీవించు."

లిఫ్టాయన పళ్ళు తోముకుంటూ అన్నీ వినేవాడు. జవాబు చెబుదామంటే ఆవిడ మాట్లాడుతున్నది తనతో కాదాయె.

ఒకరోజు సాయంత్రం వాళ్ళింట్లోనే గృహ ప్రార్థన జరిగింది. జైలుకు వెళ్ళి ఖైదీల మధ్య వాక్యం చెప్పే పని ఒకటి పాస్టరుగారికి ఉండేది. ఇన్నాళ్ళూ బండి నడిపినాయన వేరే ఊరు వెళ్ళిపోయాడనీ, పరిచర్య ఆగిపోయేలా ఉందనీ, అందరూ ప్రార్థించమనీ ఆయన అడిగారు. అత్తగారు వెంటనే అందుకుంది. ఆవిడ ప్రార్థన అందుకుంటే ఓ పట్టాన వదలదు. లిఫ్టాయన గోడకి చేరగిలబడ్డాడు. కళ్ళు వాటంతటవే మూతలు పడ్డాయి.

"ఈ ఇంటి ముందు ఊరికే పడి ఉండే వ్యాను నీ సేవకు వాడుకో తండ్రీ. పనిలో పనిగా దాని యజమానిని కూడా వాడుకో," అని ఆవిడ ముగించింది.

అందరూ ఆమెన్ అన్నారు. ఆ చప్పుడుకి సగం మెలకువ వచ్చిన లిఫ్టాయన, ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు కొద్దీ, అందరికంటే గట్టిగా, "ఆమెన్," అన్నాడు.

పూర్తిగా కళ్ళు తెరిచేసరికి పాస్టరుగారు అతని రెండు చేతులూ పట్టుకుని ఉన్నారు. "దేవుడు మీ నోటితోనే పలికించాడు బ్రదర్," అన్నారు. ఏం పలికాడో తెలియక లిఫ్టాయన భార్య వైపు చూశాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. అది దగ్గు కాదని మాత్రం అతనికి తెలిసిపోయింది.

సంగతి తెలిశాక, "బండి నడుపుతాను. లోపలికి మాత్రం రాను. బయటే కూర్చుంటాను," అని షరతు పెట్టాడు. పాస్టరుగారు సంతోషంగా ఒప్పుకున్నారు.

జైలు గేటు దగ్గర గార్డు ఒప్పుకోలేదు. అనుమతి ఇద్దరికి ఉంది కాబట్టి ఇద్దరూ లోపలికి వెళ్ళాలి, లేదా ఇద్దరూ ఇంటికి వెళ్ళాలి. మధ్యేమార్గం లేదు. పాస్టరుగారు లిఫ్టాయన మొహంలోకి దీనంగా చూశారు. దీనంగా చూడటంలో ఆయనకు మంచి అనుభవం ఉంది.

జేబులు ఖాళీ చెయ్యమన్నారు. లిఫ్టాయన జేబులంటే మాటలు కాదు. స్క్రూడ్రైవర్లు, టెస్టరు, కటింగ్ ప్లేయరు, టేపు, రాగి తీగ చుట్ట, గుప్పెడు నట్లు. బల్ల నిండిపోయింది. గార్డు ఆ గుట్టను చూశాడు, పాస్టరును చూశాడు, మళ్ళీ గుట్టను చూశాడు.

"తమరు వచ్చింది ప్రార్థనకా, గోడకి కన్నం వెయ్యడానికా?"

"ఈయన మా డ్రైవరండీ," అన్నారు పాస్టరుగారు.

"ఓహో. పారిపోవడానికి బండి కూడా సిద్ధమన్నమాట."

లోపల పొడుగాటి గది. అందనంత ఎత్తులో చిన్న కిటికీలు, ఒకే ఒక్క ఇనుప తలుపు. నేల మీద వరసలు కట్టి కూర్చున్న ఖైదీలు. లిఫ్టాయన చివరి వరసలో గోడ పక్కన సర్దుకున్నాడు. ఇవాళ మాత్రం రెప్ప వాల్చకూడదని గట్టిగా అనుకున్నాడు. ఇంతలో పాస్టరుగారు వాక్యం తెరిచారు. ఇంకేముంది.

మెలకువ వచ్చేసరికి తల దేని మీదో ఆని ఉంది. మెత్తగా, వెడల్పుగా ఉంది. అది ఒక మనిషి భుజం. ఆ మనిషిని జైల్లో అందరూ గుమ్మం అంటారు. లేచి నిలబడితే గుమ్మం నిండిపోతుంది కనుక. లిఫ్టాయనకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"పడుకోండన్నా," అన్నాడు గుమ్మం గుసగుసగా, భుజం కదలకుండా. "ఇంకా మూడో పాయింటు రాలేదు. అయ్యాక నేను లేపుతా."

ఇక నిద్ర ఎక్కడిది. కాసేపాగి గుమ్మమే మళ్ళీ అడిగాడు. "మీరు దేవుణ్ణి నమ్ముతారా అన్నా?"

ఇన్నేళ్ళలో ఆ మాట లిఫ్టాయనను ఎవరూ సూటిగా అడగలేదు. "మా అత్తగారు నమ్ముతారు," అన్నాడు.

గుమ్మం తీరిగ్గా ఆలోచించాడు. "మా బావ కూడా అంతేనన్నా. నమ్మకాలూ ఉపవాసాలూ అన్నీ మా అక్కకే వదిలేసేవాడు." గుసగుసగానే, "ఆ బావనే కోపంలో మెట్ల మీంచి తోశా. తుంటి విరిగింది. అందుకే ఇక్కడున్నా," అన్నాడు.

దేవుణ్ణి నమ్ముతారా అన్న ఆ ప్రశ్న లిఫ్టాయనకు పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. మానేద్దామనుకుంటూనే తరవాతి వారమూ వెళ్ళాడు, ఆ తరవాతా వెళ్ళాడు. వెళ్ళినప్పుడల్లా గుమ్మం తన పక్కన చోటు ఉంచేవాడు. చోటుతో పాటు సందేహాలూ ఉంచేవాడు. పేతురు నీళ్ళ మీద నడిచినవాడే కదా, మరి మధ్యలో ఎందుకు మునిగాడు? ఏడు డెబ్బైల సార్లు క్షమించమంటే, అందులో మొదటిసారే కష్టంగా ఉంటే ఏం చెయ్యాలి? "నేను డ్రైవర్ని," అనే సాకు ఎన్నాళ్ళని చెల్లుతుంది. లిఫ్టాయన ఇంట్లో బైబిలు సంచిలో వేసుకుని పోయి, మేడల పైన లిఫ్టు మోటారు గదుల్లో కూర్చుని చదవడం మొదలుపెట్టాడు.

"ప్రభువా, అలమరలో బైబిలు పగటిపూట కనబడటం లేదు," అని అత్తగారు ఓ పొద్దున దేవుడికి విన్నవించుకుంది. "ఆ దొంగను దీవించు తండ్రీ."

అలా ఉండగా ఓ వారం పాస్టరుగారి గొంతు పోయింది. మామూలుగా కాదు, పిల్లికూత కూడా రాలేదు. దారంతా చేతులతోనే మాట్లాడారు. గదిలోకి వెళ్ళాక లిఫ్టాయనను రెండు చేతులా ముందుకు తోశారు. గుమ్మం అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

లిఫ్టాయన గొంతు సవరించుకున్నాడు. తెలిసిన సంగతే ఎత్తుకున్నాడు.

"లిఫ్టు మధ్యలో ఆగిపోయిందనుకోండి, లోపలివాళ్ళు అరుస్తారు, ఏడుస్తారు, తలుపు బాదుతారు. నేను బయట నిలబడి ఒక్కటే చెప్తా. ఎందుకండీ భయం, గాలి ఆడుతోంది, నేనున్నా, ఊపిరి పీల్చి వదలండి అంటా. నమ్మినవాళ్ళు నిమ్మళంగా ఉంటారు. నమ్మనివాళ్ళు సొమ్మసిల్లి పడిపోతారు. విశ్వాసమంటే అంతే బ్రదర్స్. భయపడ్డామంటే నమ్మలేదనే లెక్క."

గది దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి. లిఫ్టాయనకి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఇంత తేలికైన పనికి పాస్టరుగారు ఏళ్ళ తరబడి చదువుకోవడం ఎందుకో అనిపించింది.

వెళ్ళే వేళ అయింది. బయట గార్డు తాళంలో తాళంచెవి పెట్టి తిప్పాడు. టక్కుమంది. తరవాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

"ఏమీ అనుకోకండి," అన్నాడు గార్డు తలుపవతల నుంచి. "తాళంచెవి లోపలే విరిగింది. తాళాలు బాగుచేసే మనిషి కోసం కబురు పెట్టాం. ఊరి ఆ చివర నుంచి రావాలి. మీరు పాటలు పాడుకుంటూ ఉండండి."

లిఫ్టాయన జీవితంలో ఎన్నో మూసిన తలుపుల ముందు నిలబడ్డాడు. అన్నిసార్లూ బయటి వైపే. ఇటువైపు ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ముందు అరచేతులు తడిశాయి. తరవాత చొక్కా తడిసింది. గోడలు నాలుగూ ఏదో మాట్లాడుకోవడానికన్నట్టు దగ్గరికి జరిగాయి. తనకు తెలియకుండానే వెళ్ళి తలుపు బాదాడు, తియ్యమని అరిచాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరుగారు ధైర్యం చెప్పబోయారు గాని పెదాలు కదిలాయి తప్ప మాట రాలేదు.

"నవ్వకండ్రా. అన్నకి అలవాటు లేదు," అంటూ గుమ్మం లేచాడు. లిఫ్టాయనను భుజాలు పట్టి నెమ్మదిగా కూర్చోబెట్టాడు. "ఊపిరి పీల్చి వదలండన్నా. గాలి ఆడుతోంది."

"ఆడట్లేదు."

"ఇందాక మీరే చెప్పారు."

"ఇందాక తలుపు బాగుంది."

గుమ్మం అతని పక్కనే చతికిలబడ్డాడు. తన చెయ్యి అతని తల మీద పెట్టాడు. ఆ చేతికింద తల మొత్తం టోపీ పెట్టినట్టు కప్పుకుపోయింది. గుమ్మం కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

"ప్రభువా, మాకు రోజూ ఉండేదే. మా సంగతి తరవాత చూద్దువు గాని. ఈ అన్న కొత్త. వాళ్ళింట్లో అత్తగారు నమ్ముతారు, ఈయన ఇప్పుడిప్పుడే మొదలుపెట్టాడు. భయపడుతున్నాడని కోప్పడకు. తలుపు తెరిచేదాకా ఈయన పక్కన కూర్చో. ఆమెన్."

గదంతా ఆమెన్ అంది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

లిఫ్టాయన కోసం ఇంట్లో రోజూ ప్రార్థన జరుగుతుంది గాని, ఫిర్యాదు లేని ప్రార్థన విన్నది అదే మొదటిసారి. కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. ఇందాకటి పెద్ద మాటలన్నీ ఎక్కడికి పోయాయో పోయాయి. "ప్రభువా, నాకు భయంగా ఉంది," అన్నాడు. తనంతట తాను దేవుడితో చెప్పుకున్న మొదటి మాట అది. గోడలు వెనక్కి జరగలేదు, తలుపూ తెరుచుకోలేదు. కానీ ఎవరో నిజంగానే వచ్చి పక్కన కూర్చున్నట్టు ఊపిరి కాస్త కుదుటపడింది. ఊపిరి కుదుటపడ్డాక తనకొక పని వచ్చని గుర్తొచ్చింది.

లేచి తలుపు తడిమి చూశాడు. "ఏవండీ," అని గార్డును పిలిచాడు. "తాళం మీద రేకు ఉంది చూడండి. దానికి మూలకో స్క్రూ. ఆ రేకు ఊడదీస్తే గడియ చేత్తోనే జరుగుతుంది. నా స్క్రూడ్రైవరు గేటు దగ్గరుంది."

"పనిముట్లు లోపలికి నిషేధం."

"లోపలికెందుకండీ, బయట మీ చేతిలోనే పెట్టుకోండి. నేను చెప్తా, మీరు విప్పండి."

అంత పెద్ద విషయం గార్డు తేల్చలేకపోయాడు. జైలరుగారే వచ్చారు. సరేనన్నారు గాని ఒక షరతు పెట్టారు. "నెమ్మదిగా చెప్పండి. ఖైదీలు వినకూడదు."

లిఫ్టాయన వెనక్కి తిరిగి చూశాడు. గది గదంతా పిల్లుల్లా వచ్చి అతని వీపు వెనక చేరి ఉంది. అందరి మెడలూ ముందుకు సాగి ఉన్నాయి. తన ప్రసంగాన్ని ఇంత శ్రద్ధగా ఏనాడూ వినలేదని పాస్టరుగారి మొహంలో స్పష్టంగా కనబడింది.

"పాపం రా, తప్పు," అన్నాడు గుమ్మం. "వెనక్కి పోండి. చెవులు మూసుకోండి. మూసుకుని పాట ఎత్తుకోండి."

మూసుకున్నారు. ఎత్తుకున్నారు. ఎవరి చెవులు వాళ్ళు మూసుకున్నాక పక్కవాడి రాగం ఎవడికి తెలుస్తుంది. ఎవరి శ్రుతి వారిది, ఎవరి చరణం వారిది. పైకప్పు లేచిపోయేలా ఉంది. ఇప్పుడు గార్డుకు కూడా ఏమీ వినబడటం లేదు.

"ఎడమవైపు తిప్పు," అని లిఫ్టాయన తలుపు సందులోంచి అరిచాడు.

"ఎవరివైపు తప్పా? అది కోర్టు ఎప్పుడో తేల్చిందండీ."

"తిప్పు, తిప్పు. ఎడమకి."

ఎలాగైతేనేం, రేకు ఊడి కిందపడింది. గడియ జరిగింది. తలుపు బార్లా తెరుచుకుంది. జైలరుగారు ఆదరాబాదరా లోపలికి వచ్చి తలలు లెక్కపెట్టుకున్నారు. ఒక్కరూ కదల్లేదు. చెవులూ కళ్ళూ మూసుకుని పాడుతున్నవాళ్ళకి తలుపు తెరుచుకున్న సంగతే తెలియదు. గార్డు ఒక్కొక్కరినీ తట్టి ఆపాల్సి వచ్చింది.

బయటికి వస్తుంటే గుమ్మం అన్నాడు, "వచ్చే వారం రాకపోయినా ఏమనుకోనన్నా."

"వస్తా," అన్నాడు లిఫ్టాయన. తెరిచిన తలుపులోంచి తను ఇటు నడుస్తున్నాడు, గుమ్మం అటే ఉండిపోతున్నాడు. ఆ తేడా అతనికి అంతకుముందు ఎప్పుడూ ఇంత గట్టిగా తగల్లేదు. "నీకేమైనా కావాలా?"

గుమ్మం కాళ్ళ వంక చూసుకున్నాడు. "మా బావని ఒకసారి చూసి రాగలరా? క్షమించమన్నానని చెప్పండి. ఎలా నడుస్తున్నాడో చూడండి."

బావకి గొడుగులు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. లిఫ్టాయన వ్యాను కాస్త దూరంలో ఆపి, స్టీరింగు చక్రం పట్టుకునే చాలాసేపు ప్రార్థన చేసుకున్నాడు. ఈసారి ఒక్క వాక్యంతో అవలేదు. దుకాణంలోకి వెళ్ళి, తను వచ్చిన పని చెప్పాడు. బావ ఒక గొడుగు ఊచ వంపు తీస్తూ, తలెత్తకుండా విన్నాడు. పక్కన చేతికర్ర ఆనించి ఉంది.

"క్షమించను," అన్నాడు చివరికి. "కుంటేది నేను, వాడు కాదు."

చెప్పడానికి లిఫ్టాయన దగ్గర వచనాలు లేక కాదు. ఈమధ్య చాలానే చదివాడు. కానీ బయట నిలబడి ధైర్యం చెప్పడం ఎంత సులువో అతనికిప్పుడు తెలుసు. అందుకని ఏమీ చెప్పకుండా అక్కడే స్టూలు మీద కూర్చున్నాడు. బావ కూడా వెళ్ళిపొమ్మనలేదు. ఊచలు అందించమంటే అందించాడు. ఒక గొడుగు అయింది, ఇంకో గొడుగు అయింది.

లేచి బయల్దేరుతుంటే బావ అడిగాడు, "అక్కడ తిండి సరిపోతోందా వాడికి? ఇంట్లోనే చాలేది కాదు."

"చాలట్లేదనే అంటాడండీ. చొక్కాకి మాత్రం గుండీలు పట్టట్లేదు."

బావ మొహం అటు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం కదిలాయి.

తరవాతి వారం లిఫ్టాయన ఏదీ దాచకుండా గుమ్మానికి చెప్పాడు. క్షమించనన్న మాట కూడా చెప్పాడు. గుమ్మం చొక్కా అంచులు రెండూ ముందుకు లాక్కున్నాడు.

"గుండీల సంగతి చెప్పకుండా ఉండాల్సిందన్నా," అన్నాడు.

"నోరు జారింది."

"తిండి గురించి ఆయనే అడిగాడా? మీరు కదిపితే అడిగాడా?"

"ఆయనే. నేను వెళ్ళిపోతుంటే వెనక్కి పిలిచి మరీ అడిగాడు."

గుమ్మం మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. "మొదట్నుంచీ మళ్ళీ చెప్పండన్నా," అన్నాడు.

లిఫ్టాయన దుకాణం ముందు వ్యాను ఆపిన దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ముందు వరసవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు. గొంతు తిరిగొచ్చి, వాక్యం తెరిచి నిలబడ్డ పాస్టరుగారు, బైబిలు మధ్యలో వేలు పెట్టుకుని తనూ వచ్చి నేల మీద కూర్చున్నారు.