చప్పుడు చేసే కడ్డీ

"కెలిన్, టీ" అంది మా అత్తగారు, గిన్నె నా వైపు జరుపుతూ.

కెలిన్ అంటే కోడలు. పెళ్ళై ఇన్నేళ్ళైనా ఆ ఇంట్లో నా పేరు అదే. కనిషాయ్ అనే అసలు పేరు బజారులో మాత్రమే వినిపిస్తుంది. కోడలి చోటు గుమ్మం దగ్గర, టీ నీళ్ళు కాగే సమోవార్ పక్కన. గిన్నెలో అడుగు తడిసేంతే పోయాలి. నిండా పోస్తే ఇక లేవండి అన్నట్టు. అందుకని ఒక భోజనం ముగిసేసరికి నా చెయ్యి ఎన్నిసార్లు సాగుతుందో నాకే తెలియదు. బజారు కొట్టులో బండి విడిభాగాలు అమ్ముతూ ఒక్క బోల్టు లెక్క తప్పని దాన్ని, ఇంట్లో ఈ లెక్క ఏనాడూ వేయలేదు. వేస్తే బిల్లు ఎవరికి పంపాలి?

ఆ రోజు నేను గిన్నె అందుకుంటుండగా నా భర్త ఎర్మెక్ రొట్టె తుంచుతూ అన్నాడు: "వచ్చే వారం నుంచి కొట్టు తిలెక్ చూసుకుంటాడు."

తిలెక్ మా మరిది. మాస్కోలో పని పోయి, వసంతంలో ఇంటికొచ్చాడు. "మరి వదిన?" అన్నాడు మర్యాదకి.

"తనకీ కాస్త విశ్రాంతి కావాలిగా. అమ్మకి మోకాళ్ళు బాగాలేవు. ఇంటిపట్టున ఉంటుంది."

అత్తగారు రెండు అరచేతులతో ముఖం తుడుచుకుంది. మాలో దానర్థం ప్రార్థన ముగిసిందని. నా విషయంలో తీర్పు కూడా ముగిసింది. నేను టీ పోశాను.

విశ్రాంతి అన్న మాట వెనక ఏముందో నాకు తెలుసు. కిందటి వారం జరిగిన గొడవ ఉంది. దాని గురించి చెప్పాలంటే ముందు మా బండి గురించి చెప్పాలి.

మాది జపాన్ నుంచి వచ్చిన పాత వ్యాగన్, కుడివైపు స్టీరింగు. ఎర్మెక్ కూడా మాస్కోలో ఉన్న రోజుల్లో కొట్టు లాభంతో నేనే కొని నడిపాను, నా పేరు మీదే ఉంది. అతను తిరిగొచ్చాక కాగితాలు నా దగ్గర మిగిలాయి, తాళంచెవి అతని జేబులోకి వెళ్ళింది. మా ఊళ్ళో మగాళ్ళందరికీ ఒక పిచ్చి: కొండ దారిలో రాళ్ళు తగలకుండా స్ప్రింగుల పైన దిమ్మలు పెట్టి బండిని ఎత్తు చేయిస్తారు. ఎర్మెక్ కూడా చేయించాడు. ఆ తర్వాత వెనక నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. వెనక చక్రాల మధ్య అడ్డంగా ఉండి బండిని ఒరగనివ్వని స్టెబిలైజర్ కడ్డీ చివర్లలో, దాన్ని చక్రాలకి కలిపే లింకులు అరిగాయి, అంతే. నా కొట్టులో గంపల కొద్దీ ఉన్నాయి అవి. ఎర్మెక్ ఏం చేశాడంటే, లింకులతోపాటు కడ్డీని కూడా ఊడదీసి పాత ఇనుములో పడేశాడు. చప్పుడు ఆగిపోయింది. "చూశావా, ఎంత హాయిగా ఉందో!" అని మురిసిపోయాడు.

ఇది అతనొక్కడి తెలివి కాదు. మా దేశంలో సగం బండ్లు ఇలాగే తిరుగుతున్నాయి.

కిందటి వారం అతని స్నేహితులు కొట్టు ముందు నిలబడి ఉంటే, బండి మలుపుల్లో పడవలా ఒరుగుతోందని, దిమ్మలు సరిగా కూర్చోలేదేమోనని ఎర్మెక్ అంటున్నాడు. నేను ఉండబట్టలేక అన్నాను: "దిమ్మలు కాదు. ఆ కడ్డీ తీసేశావుగా, అందుకే. చప్పుడు చేసేది పని చేస్తున్నట్టు లెక్క. అరిగిన లింకు మార్చాలిగానీ పని చేసేదాన్ని పీకేస్తారా ఎవరైనా?"

ఒకతను పకాలున నవ్వాడు. "ఒరే ఎర్మెక్, ఇంట్లో మెకానిక్కుని పెట్టుకుని ఊరంతా తిరుగుతున్నావేంట్రా!"

ఆ సాయంత్రం ఎర్మెక్ నాతో అన్నది ఒకే మాట. "పదిమంది మగాళ్ళ ముందు నీకు నోరెందుకు?" తర్వాత వారం తిరక్కుండానే విశ్రాంతి వచ్చింది. టకటకలాడినందుకు కడ్డీ పోయింది. ఇప్పుడు నా వంతు.

బిష్కెక్ ఆటో బజారులో మా కొట్టు అంటే ఒక ఇనుప కంటైనర్. అది మా అత్తగారిది. నేను కాపురానికి వచ్చినప్పుడు అందులో తుప్పు పట్టిన తలుపులు, వాటి ముందు చదరంగం ఆడే ఎర్మెక్ ఉండేవారు. సరుకు నేను తెచ్చాను. గుత్తగా అమ్మే పాత విడిభాగాల లాట్లు నేను ఏరాను. ఏ కొనేవాడికి ఏ ఏడాది మోడల్ ఉందో నా బుర్రలో ఉంది. ఇంట్లో దానికి పేరు "కెలిన్ కాలక్షేపం". ఆ కాలక్షేపమే ఇంటికి పొయ్యి, బొగ్గు, తిలెక్ విమానం టిక్కెట్టు.

పక్క కంటైనర్‌లో షాక్ అబ్జార్బర్లు అమ్మే అనిపా ఎజేతో చెప్పాను. ఎజే అంటే అక్క. ఆవిడకి అరవై దాటాయి, బంగారు పన్ను, గొంతు లారీ హారన్.

"ఏడుస్తున్నావా?" అంది.

"లేదు."

"మంచిది. ఏడిస్తే సరుకు తడుస్తుంది. తలాస్ సంగతి ఎన్నిసార్లు చెప్పాను నీకు? మా చెల్లెలి కొట్టు సగం ఖాళీ. ఆ ఊళ్ళో లింకు అరిగితే బిష్కెక్ దాకా రావాలి జనం."

"రెండు కనుమలు దాటాలి ఎజే. ఆ ఊగే బండిలో బరువేసుకుని? ముక్కు ఒకవైపు, తోక ఒకవైపు పోతాయి."

అనిపా ఎజే తన బంగారు పన్ను కనిపించేలా నవ్వి, నా కంటైనర్ మూలకి వేలు చూపించింది. అక్కడ కిందటి లాట్‌లో కలిసి వచ్చిన కడ్డీ ఉంది. మా మోడల్‌దే, కానీ మామూలు దానికన్నా లావు. పందేల బండ్లకి వేసే రకం. ఎవరూ అడగలేదు. "ఈ దూలాన్ని కొనే పిచ్చివాడెవడు?" అని ఎర్మెక్ ఎగతాళి చేసిన సరుకు.

"పిచ్చివాడు దొరకలేదు," అంది ఎజే, "పిచ్చిది దొరికింది."

బజారు సెలవు రోజున, సరుకు లెక్క అప్పజెప్పాలని ఇంట్లో చెప్పి బండి తాళంచెవి తీసుకున్నాను. ఖాళీ వరసలో బండి ఆపి, పాత దుప్పటి పరిచి కిందికి దూరాను. నా జీవితంలో మొదటిసారి నా సొంత బండి పొట్ట చూశాను. బ్రాకెట్లు ఉండాల్సిన చోట బోల్టు రంధ్రాలు బురదతో పూడిపోయి, పళ్ళూడిన నోళ్ళలా ఉన్నాయి. తీగ బ్రష్‌తో గీకాను. రబ్బరు బుష్‌లకి సిలికాన్ గ్రీజు పూశాను. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి చస్తుంది. ఈ మాట వందమంది కొనేవాళ్ళకి చెప్పిన నోరు, ఇప్పుడు నా చేతికి చెప్పింది. నేనూ, సాయానికొచ్చిన అనిపా ఎజే కలిసి కడ్డీని సైలెన్సర్ గొట్టం మీదుగా తిప్పి తిప్పి లోపలికి ఎక్కించాం. బ్రాకెట్లు కూర్చున్నాయి. కుడి లింకు కూర్చుంది. ఎడమది మాత్రం అరచేయంత దూరంలో ఆగిపోయింది. తోశాను, తొక్కాను, తిట్టాను.

"తప్పు కడ్డీయేమో?" అంది ఎజే.

బయటికి వచ్చి చూస్తే నవ్వొచ్చింది. జాకీ ఒక పక్కనే వేశాను. ఒక చక్రం గాల్లో వేలాడుతోంది, రెండోది బరువు మోస్తోంది. ఒక పక్క మోస్తూ ఒక పక్క వేలాడుతుంటే ఆ కడ్డీ ఎక్కడ ఒప్పుకుంటుంది? దాని పుట్టుకే ఆ తేడా ఒప్పుకోకపోవడానికి. రెండో జాకీ తెచ్చి రెండు పక్కలా సమంగా ఎత్తాను. పొడవు సవరించుకునే లింకు కాస్త తిప్పాను. బోల్టు నా వేళ్ళతోనే, వెన్నలో కత్తిలా లోపలికి పోయింది. బండిని నేల మీదికి దింపి, బరువు చక్రాల మీద పడ్డాక నట్లు ఆఖరి బిగువు బిగించాను.

"ఒక్క సంగతి," అంది ఎజే. "వెనక గట్టిపడింది కదా. తడి మలుపులో బెదిరి యాక్సిలరేటర్ మీంచి ఒక్కసారిగా కాలు తీసేశావో, తోక బయటికొస్తుంది. భయపడే వాళ్ళకి కాదు ఈ కడ్డీ."

ఎక్కి కూర్చున్నాను. ఖాళీ బజారు వరసల చివర మలుపు. రోజూ ఇక్కడ ఎర్మెక్ పక్కన ఒరిగి తలుపుకి గుద్దుకునేదాన్ని. స్టీరింగు తిప్పాను. బండి ఒరగలేదు. తిరిగింది! నేను అటు అనుకోగానే ముక్కు అటు వెళ్ళింది. మళ్ళీ తిప్పాను, ఈసారి వేగంగా. మళ్ళీ. గట్టిగా కేక వేశానని అనిపా ఎజే చెబితే తెలిసింది.

ఎందుకలా అవుతుందో నాకు పుస్తకంలా తెలుసు. వెనక భాగం ఊరికే ఒరుగుతూ కూర్చుంటే మలుపులో బరువంతా ముందు బయటి చక్రం మీద పడుతుంది. మోయడానికే దాని శక్తి సరిపోతుంది, ఇక తిరగడానికి ఏం మిగులుతుంది? అందుకే స్టీరింగు ఎంత తిప్పినా తిన్నగా పోతుంది. వెనక కూర్చున్నది తన వంతు మోస్తే, ముందున్నదానికి తిరిగే ఊపిరి వస్తుంది. కొనేవాళ్ళకి ఏళ్ళ తరబడి ఈ ముక్క అమ్మాను. ఆ ఖాళీ వరసలో చక్రాలు తిప్పుతూ మా ఇంట్లో ఆ ముందు చక్రం ఎవరో తెలుసుకుని, మరో రెండు చుట్లు కొట్టాను.

ఆ మధ్యాహ్నమే సరుకు విడగొట్టాను. బంపర్లు, తలుపులు, బానెట్లు పెద్దవి. కొట్టు నిండుగా కనబడుతుంది, కదలడానికి కాలం పడుతుంది. లింకులు, బుష్‌లు, బేరింగులు చిన్నవి. రోజూ అరుగుతాయి, రోజూ అమ్ముడవుతాయి. ఇంట్లో వాళ్ళు అడిగింది కొట్టు, అందుకని పెద్దవి అందులోనే ఉంచి చిన్నవి అట్టపెట్టెల్లో సర్దాను. కొట్టు తాళంచెవి శుభ్రంగా తుడిచి తిలెక్‌కి ఇచ్చాను. ఆ శుభానికి సాయంత్రం గొర్రెను కోసి విందు చేశారు. వండింది ఎవరో చెప్పక్కర్లేదు. నేను మాత్రం ఈలవేస్తూ ఉల్లిపాయలు తరిగాను.

మర్నాడు తలాస్ దారిలోనే ఉన్న సూసమీర్ పచ్చికకి ప్రయాణం. అక్కడ అత్తగారి తమ్ముడి గుడారంలో, మోకాళ్ళు ఎలా ఉన్నా, ఆవిడ ఏటా వేసవంతా ఉంటుంది. పరుపులు, పిండి బస్తా, పెద్ద వంటకళాయి. సర్దడం కెలిన్ పని, కాబట్టి పరుపుల కింద అట్టపెట్టెలు ఎందుకున్నాయని అడిగిన నాథుడు లేడు.

ఎర్మెక్ తాళంచెవికి చెయ్యి చాపితే అత్తగారు అతని నోటి దగ్గర ముక్కు పెట్టింది. "ఛీ! ఇంకా నిన్నటి వోడ్కా కంపే. కనుమ కింద పోలీసులు నిన్నే ఊదమంటారు. కెలిన్, నువ్వు నడుపు."

"అమ్మా, తను కొండ మీద..."

"వెనక కూర్చో."

అలా ఈ ప్రయాణంలో ఏటా నేను కూర్చునే చోట్లో ఎర్మెక్ కూర్చున్నాడు, ఒళ్ళో వంటకళాయితో.

తో-అషూ కనుమ మెలికలు మొదలయ్యాయి. ప్రతి ఏడూ ఈ దారిలో అత్తగారు వాంతి వస్తుందని సంచీ నోటికి పెట్టుకుంటుంది. తప్పు నా వేపుడు రొట్టెల నూనె వాసనది అనేవారు. ఈసారి మొదటి మెలిక, రెండో మెలిక. సంచీ ఒళ్ళోనే ఉంది. నా అరచేతుల్లో రోడ్డు పలుకుతోంది. మూడో మెలికలో నవ్వు ఆపుకోలేకపోయాను.

"ఎందుకే నవ్వుతున్నావ్?"

"ఊరికే అత్తమ్మా. బాగుంది."

సొరంగం దాటగానే వాన. దిగుడు మలుపులో ఎదురుగా లారీ, తడి రోడ్డు, వెనక చక్రాలు జర్రున జారాయి. "కాలు తియ్! బ్రేకు! బ్రేకు!" అని ఎర్మెక్ అరిచాడు, కళాయి మోగింది. నేను కాలు తీయలేదు. కొంచెంగా గ్యాసు అలాగే ఉంచి, స్టీరింగు జారిన వైపుకి ఒక్క పిసరు ఇచ్చాను. తోక తనంతట తాను వచ్చి వెనక నిలబడింది. గుండె డప్పులా కొట్టుకుంటోంది, అందులో భయం పావలా వంతు కూడా లేదు.

గుడారం దగ్గర అత్తగారు తన కాళ్ళ మీద తాను దిగింది. "కడుపులో ఏం కదల్లేదే! బండికి ఏం చేశారు?"

"ఎత్తు చేయించానుగా అమ్మా," అన్నాడు ఎర్మెక్, "ఇప్పటికి సర్దుకుంది."

పరుపులు దించాడు. కింద పెట్టెలు కనిపించాయి. "ఇవేంటి?"

"సరుకు."

"కొట్టులోదా?"

"నాది. కొట్టు మీది, ఇచ్చేశాను."

"ఎక్కడికి ఇది?"

"తలాస్. అనిపా ఎజే చెల్లెలి దగ్గర చోటు తీసుకున్నాను."

"ఇంకో కనుమ ఉంది! ఒక్కదానివే దాటలేవు."

"మొదటిది ఎవరు దాటించారు?"

అతను అమ్మ వైపు చూశాడు. అత్తగారు నా వైపు, బండి వైపు చూసింది. నేను ఎక్కి స్టీరింగు ముందు కూర్చున్నాను. పొయ్యి దగ్గర టీ నీళ్ళు మరుగుతున్నాయి. కెలిన్ అని పిలుస్తుందనుకున్నాను. ఆవిడ తిండి మూటలోంచి రొట్టె తీసి బండి కిటికీలోంచి అందించింది. మాలో రొట్టె కొరక్కుండా ఎవరినీ దారిన పోనివ్వరు. కొరికాను.

"నీళ్ళు మరుగుతున్నాయిరా," అంది ఆవిడ కొడుకుతో. "టీ నువ్వు పొయ్యి."

సూసమీర్ మైదానం దాటి, ఒత్మొక్ కనుమ ఎక్కి, తలాస్ వైపు దిగే మొదటి మలుపులో ఫోను మోగింది. తిలెక్.

"వదినా! పొద్దున్నించీ అందరూ లింకులే అడుగుతున్నారు. ఎక్కడ పెట్టావు?"

"నా దగ్గరే ఉన్నాయి, తిలెక్," అన్నాను, మలుపులోకి తిప్పుతూ. "ఎన్ని కావాలో చెప్పు. నీకైతే టోకు ధర."