ఆపే హక్కు

ఉదయం పదకొండు గంటలకు అధ్యయనానికి డబ్బు ఆగిపోయింది. ఆ సంగతి ప్రశ్నలమ్మకు మూడో అంతస్తులో, వలస వచ్చి దర్జీ పని చేసుకుంటున్న ఒకామె గదిలో ఉండగా ఫోనులో తెలిసింది.

పేటలో అందరూ ఆమెను ప్రశ్నలమ్మ అనేవారు. ఇరవై ఏళ్లుగా గుమ్మం గుమ్మం తిరిగి సబ్బుల గురించి, ఓట్ల గురించి అడిగింది. మోకాళ్లు అరిగాయి. ఒక్కరి జవాబూ గుర్తులేదు. ఈ అధ్యయనం వేరు. వలస వచ్చినవాళ్లకు జాతి, ఒంటి రంగు చూసి ఇళ్లు అద్దెకివ్వడం లేదా అన్నది దాని విషయం. ఒక ట్రస్టు డబ్బు పెట్టింది. ఆ జవాబులు ఇంటికెళ్లాక కూడా ఆమెను అన్నం తిననిచ్చేవి కావు.

దర్జీ ఆమె అంతకుముందు ఎన్నోసార్లు తలుపు వేసేసింది. ఈసారి తెరిచింది.

"మళ్లీ వచ్చావా తల్లీ? నీకు వేరే ఇల్లు దొరకలేదా?"

"దొరకలేదమ్మా."

"నయం. దొరకనిది నాకొక్కదానికే అనుకున్నా."

మిషను మీది గుడ్డ పక్కకు నెట్టి కూర్చుంది.

ప్రశ్నలమ్మ బ్యాటరీ మూత వదులైన రికార్డరు ముందు పెట్టి, ప్రతి ఇంట్లో చెప్పే మాటే చెప్పింది. ఇష్టం లేకపోతే మధ్యలో ఎప్పుడైనా ఆపేయవచ్చు, ఆ హక్కు మీదే. దర్జీ ఆమె మొదలుపెట్టింది. ఫోనులో ఇల్లు ఇస్తానన్న పెద్దమనిషి, తనను చూశాక తాళంచెవి మళ్లీ జేబులో వేసుకున్న రోజు దాకా వచ్చింది. అప్పుడు మోగింది ఫోను. సూపర్‌వైజరు.

"ట్రస్టువాళ్లు తప్పుకున్నారమ్మా. ఎక్కడిదక్కడ ఆపేయండి. సగంలో ఉన్నవి లెక్కలోకి రావు."

"ఆపే హక్కు నాకు లేదండీ. మీకూ లేదు. మీరు రాసిచ్చిన మాటే, ఇప్పుడే ఈవిడకు చెప్పాను."

"వెటకారమా? రేపటి నుంచి మీకు పని లేదంటున్నా."

"సరే. ఇవాళ ఉంది కదా."

ఫోను కట్టేసింది.

"ఏమంటాడు?" అంది దర్జీ ఆమె.

"ఆపమంటున్నాడు. దీన్ని ఎవరూ వినకపోవచ్చు కూడా. మీరు చెప్పండి, ఆపనా?"

"వాడెవడే ఆపడానికి? ఇన్నాళ్లకు నోరు తెరిచాను. వినకపోతే వాళ్ల ఖర్మ. కూర్చో. తాళంచెవి దగ్గరున్నాం కదా?"

చివరి ప్రశ్న అయ్యేసరికి రెండు దాటింది. ప్రశ్నలమ్మ ఆఫీసుకు వెళ్లి రికార్డరు బల్ల మీద పెట్టింది.

"ఇది నేను తీసుకోను" అన్నాడు సూపర్‌వైజరు.

"తీసుకోమనలేదండీ. ఆవిడ పూర్తిచేసింది. పెట్టి వెళ్తున్నా."

మెడలోని గుర్తింపు కార్డు తీసి పక్కన పెట్టి మెట్లు దిగింది. మళ్లీ రాలేదు.

సాయంత్రం కాపలావాడు ఆఫీసు గదికి తాళం వేసేటప్పుడు బల్ల మీద కార్డు లేదు. రికార్డరు ఉంది. బ్యాటరీ మూత ఊడిపోకుండా దర్జీ ఆమె కుట్టిచ్చిన గుడ్డపట్టీ దాని చుట్టూ ఉంది.