కంటికి కనపడని పొగ

ఆదికేశవులు ఉతికిన తెల్లపంచె ముక్కను అంబాసిడర్ కారు పొగగొట్టానికి అడ్డం పట్టి, లోలోపల గోవింద నామాలు చెప్పుకుంటున్నాడు. ఇరవయ్యొకటి కాగానే గుడ్డ తీసి, కళ్లజోడు సర్దుకొని వెలుగులో చూశాడు. మసి లేదు. వయసులో ఉన్నప్పుడు ఫ్రెంచి దొర షెడ్డులో నేర్చిన పద్ధతి అది.

అరవై దాటిన మనిషి. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో ఫ్యాను బెల్టులో పడి పోయింది. నుదుటి నామం మధ్యాహ్నానికి చెమటతో ముక్కు మీదికి జారుతుంది. రెడ్డియార్‌పాళయం టాక్సీల వాళ్లకు అతని చెవి మీద నమ్మకం. ఇంజను చప్పుడు విని, కార్బురేటర్ మరమేకు పావుచుట్టు తిప్పేవాడు. అంతే పని.

ఆ నమ్మకం కిందటి నెల సడలింది. కార్ల పొగలో విషవాయువు తగ్గించాలని సర్కారు ఉత్తర్వు వచ్చింది. పరీక్షలో తప్పితే పర్మిట్టు ఆపేస్తారు. అతను గుడ్డ పట్టి సరేనన్న కారే మొదట తప్పింది.

"పెద్దాయనా, చంపేది నల్లపొగ కాదు. చంపేది కంటికి కనపడదు, వాసనా ఉండదు," అన్నాడు పొగ కొలిచే మిషను పట్టుకున్న అధికారి.

కనపడనిదాన్ని మొక్కడం ఆదికేశవులుకు తెలుసు. కొలవడం ఏమిటో తెలియలేదు.

ఈ అంబాసిడర్ టాక్సీ నడిపే వీరాసామిది. ఎల్లుండి పరీక్ష.

"ఇదీ తప్పితే కాలాపేట రేవుకు పొయ్యి చేపల బుట్ట మొయ్యాల్సిందే, అన్నా."

"నీకు బుట్ట ఎవుడిస్తాడు రా? వాళ్లకూ బలమున్నోడే కావల."

"నవ్వులాట కాదన్నా."

"నీ కారు తప్పితే నా షెడ్డుకి మళ్ల ఎవుడొస్తాడు? పొయ్యి టీ తాగి రా. నువ్వుంటే మాట్లాడతానే ఉంటావు."

పక్క రేకుల దుకాణంలో సుత్తి దెబ్బలు ఆగడం లేదు. ఇంజను వినడానికి అతను ఎప్పుడూ ఒక తలుపు రెక్క మూసేవాడు. ఈ రోజు రెండూ మూసి గడియ పెట్టాడు. గుడ్డ తెల్లగానే ఉంది కదా.

భార్య హేమావతి అన్నం క్యారియర్‌తో వచ్చి తలుపు తట్టింది.

"ఏందయ్యా, గడియేసుకొని ఏం చేస్తా ఉండావు?"

లోపల ఇంజను ఎక్కడా తొట్రుపడకుండా తిరుగుతోంది. అంత మెత్తని చప్పుడు ఆమె ఎన్నడూ వినలేదు. పనిలో ఉన్నాడనుకొని గుమ్మం మీద కూర్చుంది.

వీరాసామి వచ్చి, తలుపు సందులోంచి చూసి, భుజంతో గడియ విరగ్గొట్టాడు. ఆదికేశవులు స్టూలు మీద కూర్చొని, తల మడ్‌గార్డుకు ఆనించి, ఇంకా వింటున్నట్టే ఉన్నాడు. బుగ్గలు పసిబిడ్డవిలా ఎర్రగా ఉన్నాయి. బానెట్ దించి, అదే కారులో ఆసుపత్రికి తీసుకుపోయారు.

"మూసిన షెడ్డులో ఆ విషవాయువు కొంచెమైనా చాలు, ప్రాణం తీస్తుందమ్మా," అన్నాడు డాక్టరు.

"పొగే లేదే. మళ్ల యాడ్నుంచి వచ్చింది?" అంది హేమావతి.

ఆ రాత్రి ఇంట్లో దీపం పెట్టలేదు. చీకట్లోనే పటం ముందు నిలబడి, "కనపడనోడివి గదా సామీ, నీకైనా కనపళ్లేదా?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

చెప్పిన రోజుకే వీరాసామి కారును పరీక్షకు తీసుకెళ్లాడు. మధ్యలో ఎవరినీ ఆ మరమేకు ముట్టనివ్వలేదు. అధికారి మిషను అంకె రెండుసార్లు చూశాడు.

"ఇంత తక్కువ నేను చూళ్లేదప్పా. ఎవరు చేసింది?"

అధికారి బానెట్ ఎత్తాడు. బ్యాటరీకీ రేకుకూ మధ్య ఇరుక్కొని, కాడకు దారం చుట్టిన ఆదికేశవులు కళ్లజోడు, ఇంజనుతో పాటు సన్నగా వణుకుతోంది.