పద్నాలుగు అడ్డం

నల్లగొండ బస్టాండు నుంచి పొద్దున ఏడూ నలభైకి కదిలే చిట్యాల పల్లెవెలుగులో, కండక్టరు సీటు పక్కనున్న కిటికీ సీటు అమరేందర్ సారుది. రిజర్వేషనేమీ లేదు. నాలుగేళ్ళుగా ఆయనే కూర్చుంటున్నాడు కాబట్టి ఆయనది, అంతే. చిట్యాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆయన తెలుగు చెబుతాడు. ఎక్కగానే బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, పేపరును గళ్ళనుడికట్టు పైకి వచ్చేలా నాలుగు మడతలు వేసి, జేబులోంచి నీలం పెన్ను తీస్తాడు. నార్కట్‌పల్లి దాటేలోగా గళ్ళన్నీ నిండిపోతాయి. తర్వాత పేపరును వెనక సీటు వాళ్ళకిచ్చి కునుకు తీస్తాడు. గళ్ళు నిండిన ఆ పేపరు బస్సంతా తిరిగి చివరి సీటుకు చేరుతుంది. "సారు ఇయ్యాళ గూడ కొట్టేసిండు" అనుకోవడం ఆ బస్సులో రోజూ జరిగేదే.

భాగ్యశ్రీ ఆ బస్సుకు కండక్టరుగా వచ్చి మూడు వారాలయింది. అంతకు ముందు దేవరకొండ రూటులో చేసింది. ఇల్లు పానగల్‌లో. తల్లి సాలమ్మ నిన్నమొన్నటి దాకా నాట్లకూ కలుపులకూ పోయిన మనిషి. ఆ ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి భాగ్యశ్రీ.

ఒక సోమవారం బస్సు నార్కట్‌పల్లి దాటినా సారు పెన్నుకు మూత పెట్టలేదు. టికెట్లు కొట్టడం ముగించి భాగ్యశ్రీ వచ్చి కూర్చుంది. పక్కకు చూస్తే గళ్ళన్నీ నిండి ఉన్నాయి, ఒక్కటి తప్ప. రెండక్షరాల మాట. మొదటి గడిలో 'చి' పడి ఉంది. ఆధారం ఇదీ: 'పైరు మేయకుండా ఎద్దు మూతికి'.

"చిక్కం సార్," అంది భాగ్యశ్రీ.

"ఏంటిదమ్మా?"

"చిక్కం. తాడుతోటి అల్లుతరు, చిన్న బుట్ట లెక్క ఉంటది. గుంటుక కొట్టేటప్పుడు ఎద్దు మూతికి కట్టకుంటే సగం చేను మేసి పోతది."

ఆయన ఆ అక్షరం రాశాడు. పెన్ను మూత పెడుతూ, "ఇంకో రెండు నిమిషాలుంటే నేనే పట్టేటోణ్ణి" అన్నాడు.

"పట్టేటోళ్ళే సార్. చిట్యాల వస్తాందని చెప్పిన, గంతే."

వెనక సీట్లో కౌసల్య కిసుక్కున నవ్వింది. ఆమె నార్కట్‌పల్లిలో ఒక దవాఖానలో ఆయా. ఆ రోజు అక్కగారింటికని చిట్యాల దాకా పోతోంది.

"నీకు గీ అలవాటున్నదా?" అని అడిగాడు అమరేందర్ సారు.

"రోజూ చేస్త సార్."

"పూర్తిగా?"

"పూర్తిగా చేయకుంటే చేసినట్టెట్ల అయితది?"

ఆమెకు ఆ అలవాటు సమ్మెలో అంటింది. రెండు వేల పంతొమ్మిదిలో ఆర్టీసీ సమ్మె యాభై రెండు రోజులు నడిచింది. ఉద్యోగాలుంటాయో ఊడతాయో తెలియని రోజులు. డిపో ముందు టెంటులో కూర్చుంటే పొద్దు గడిచేది కాదు. సమ్మె వార్తల కోసం అందరూ కలిసి తెప్పించిన పేపరు పది గంటలకల్లా నలిగిపోయేది. గళ్ళనుడికట్టున్న పేజీ మాత్రం ఎవరికీ పట్టేది కాదు. మెకానిక్ ఐలేశం ఒక్కడే దాన్ని తీసుకుని టెంటు గుంజకు ఆనుకుని కూర్చునేవాడు. అడ్డం అంటే ఏమిటో, నిలువు అంటే ఏమిటో, 'తడబడిన' అని ఉంటే అక్షరాలు కలగలుపుకోవాలనీ, 'వెనుదిరిగిన' అని ఉంటే మాటను తిప్పి రాయాలనీ ఆయనే నేర్పాడు. మొదటి రోజు ఆమె నాలుగు మాటలు పట్టింది. సమ్మె ముగిసేనాటికి ఐలేశం పేపరు ఆమెకిచ్చి, "నువ్వు చేసినంక నాకు చూపియ్యి చెల్లె" అనే స్థితికి వచ్చాడు. మళ్ళీ డ్యూటీలో చేరినా ఆమె మానలేదు. ఒక్కనాడు కూడా.

ఈ సంగతంతా ఆమె సారుకు చెప్పలేదు. చెప్పాల్సినంత సేపు కూడా లేకపోయింది. డ్రైవరు గురవయ్య అద్దంలోంచి చూస్తూ గొంతెత్తాడు.

"గట్లయితే ఇద్దరు పోటీ పెట్టుకోండ్రి. రేపు చెరొక పేపరు. బస్టాండ్ల బండి కదిలినప్పుడు షురూ, చిట్యాల గేటు కాడ బంద్. ఓడినోళ్ళు గెలిచినోళ్ళకు చాయ్ తాపాలె. నాక్కూడ."

"నీకెందుకు?" అంది కౌసల్య.

"పంచాయితీ పెద్దను నేనే గద!"

సారు నవ్వాడు. "పాపం, ఆమెకు టికెట్లుంటయి గదా గురవయ్యా."

"టికెట్లు కొట్టుకుంటనే చేస్త సార్," అంది భాగ్యశ్రీ. "మీరేం ఫికర్ చెయ్యకుండ్రి."

మంగళవారం పొద్దున బస్సు మామూలు కన్నా నిండుగా ఉంది. మాట ఎలా పాకిందో గానీ, సారు కాలేజీలో చదివే పిల్లలు ఇద్దరు కూడా ఆ బస్సే ఎక్కి కూర్చున్నారు. కౌసల్యకు ఆ రోజు దవాఖాన దగ్గరే దిగే పని. "సగంల దిగిపోవుడు నా కర్మ" అని ఎక్కినప్పటి నుంచీ గొణుగుతూనే ఉంది.

భాగ్యశ్రీ తనకు తానొక నియమం పెట్టుకుంది. ఎక్కిన వాళ్ళందరి టికెట్లూ అయ్యేదాకా పేపరు ముట్టుకోదు. అందుకే బస్సు కదిలే ముందే అన్ని ఆధారాలూ ఒకసారి చదువుకుని పేపరు మడిచి సీటు మీద పెట్టింది. టికెట్ మిషను పట్టుకుని ముందు నుంచి మొదలుపెట్టింది. ఆధార్ కార్డు చూసి ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణపు జీరో టికెట్లు, మగవాళ్ళకు మామూలు టికెట్లు. చేతులు ఆ పని చేస్తుంటే లోపల గళ్ళు నిండుతున్నాయి.

'తీగ వెనక్కి పాకి నెత్తికెక్కింది.' రెండక్షరాలు. తీగ అంటే లత. వెనక్కి తిప్పితే తల. ఒకటి అయింది.

"ఎక్కడికవ్వా?"

"చెర్వుగట్టు పోతన్న బిడ్డా."

"నార్కట్‌పల్లిల దిగి ఆటో ఎక్కాలె. కార్డు చూపియ్యి."

ఆమె తిరిగి సీటుకు వచ్చేసరికి తొమ్మిది మాటలు సిద్ధంగా ఉన్నాయి. పెన్సిలు తీసి గబగబా దింపేసింది. పక్కన సారు అప్పటికే సగం దాటాడు. ఆయన చేతిలో పెన్ను చూడ ముచ్చటగా పరుగెడుతోంది. ప్రబంధాల్లో మాటలడిగే ఆధారాలు ఆయనకు మంచినీళ్ళ ప్రాయం. 'ఏనుగు ఘీంకారం' అని ఉన్నదానికి ఆమె బుర్ర గోక్కుంటుంటే ఆయన 'బృంహితం' అని ఎప్పుడో రాసేశాడు. ఆమెకా మాట తెలియనే తెలియదు. చుట్టూ ఉన్న నిలువులన్నీ పూర్తి చేసి, మిగిలిన అక్షరాలు కలుపుకుంటూ అక్కడికి చేరాలనుకుంది.

నార్కట్‌పల్లిలో బస్సాగింది. దిగేవాళ్ళు దిగారు. కౌసల్య మెట్టు దిగుతూ కూడా "సాయంత్రం జెప్పాలె నాకు" అని అరిచింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. వాళ్ళ వెనకే ఇద్దరు చెకింగ్ సార్లు ఎక్కారు.

పిల్లలు గప్‌చుప్ అయ్యారు. పెద్ద చెకింగ్ ఆయన పేరు విజేందర్. మీసాల మనిషి. టికెట్ మిషను తీసుకుని చూశాడు. రెండో ఆయన వెనక నుంచి తలలు లెక్కపెట్టుకుంటూ వస్తున్నాడు. విజేందర్ కళ్ళు కండక్టరు సీటు మీద పడ్డాయి. పేపరు, దాని మీద పెన్సిలు.

"ఇదేంది? డ్యూటీల పేపర్ చదువుతున్నవా?"

"చదువుతలేను సార్. గళ్ళు నింపుతున్న."

"ఇంకా మంచిగుంది. రాయాల్నా రిపోర్టు?"

భాగ్యశ్రీ తొణకలేదు. "లెక్క చూడుండ్రి సార్. ఒక్క మనిషి టికెట్ లేకుండ దొరికినా, ఒక్కరిని నేను వాళ్ళ స్టాపు కాడ దించకపోయినా రాయుండ్రి. నేనే సంతకం పెడత."

వెనక నుంచి వచ్చినాయన, "యాభై ఎనిమిది" అన్నాడు. మిషనులో చూసుకుంటే యాభై ఒకటి ఉంది. ఇప్పుడే ఎక్కిన ఏడుగురికి ఇంకా కొట్టాల్సి ఉంది. ఆ ఏడుగురినీ ఆమె నిలబడ్డ చోటి నుంచే వేలితో చూపించింది.

విజేందర్ మిషను తిరిగిచ్చేశాడు. పేపరు మాత్రం చేతిలోకి తీసుకున్నాడు. ఒక నిమిషం చూసి, "ఈ ఏడు నిలువు..." అని నోరు తెరిచాడు.

"చెప్పొద్దు!" అని బస్సంతా ఒక్కసారే అరిచింది. అమరేందర్ సారు గొంతు అందరికన్నా గట్టిగా వినిపించింది.

విజేందర్ ఉలిక్కిపడ్డాడు. విషయం చెప్పాక మీసాల కింద నవ్వు ఆగలేదు. "కానియ్యుండ్రి. బండి ఆలస్యం జేయకుండ్రి" అని దిగిపోయాడు.

భాగ్యశ్రీ ఏడుగురికీ టికెట్లు కొట్టడానికి వెనక్కి వెళ్ళింది. ఆమెకు ఇంకా ఆరు మాటలు మిగిలాయి. వాటిలో పద్నాలుగు అడ్డం ఒకటి. 'ఎటు చూసినా తామరే.' మూడక్షరాలు. తామరకు తెలుగులో కరువా? కమలం, నలినం, జలజం, నీరజం, పంకజం. అన్నీ మూడే. బస్సులో ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తుంటే ఆమెకు తట్టింది. జ, ల, జ. అటు నుంచి చదివినా అదే, ఇటు నుంచి చదివినా అదే. సున్నా లేని జలజ. ఆ మూడో గడి నుంచి దిగే పదిహేను నిలువు 'కూలీలకూ ఉంటుంది, ఆటగాళ్ళకూ ఉంటుంది'. దాన్ని వెతకాల్సిన పనే లేదు. నాట్లకు పోయేటప్పుడు వాళ్ళమ్మ చెప్పేది అదే మాట. జట్టు.

ఆమె సీటుకు వచ్చి అవి రాస్తుండగా, "అయిపోయింది!" అని సారు పెన్ను పైకెత్తాడు.

చిట్యాలకు ఇంకా నాలుగు కిలోమీటర్లుంది. కాలేజీ పిల్లలు చప్పట్లు కొట్టారు. గురవయ్య హారను కొట్టాడు. భాగ్యశ్రీ తల ఎత్తలేదు. నిలువులన్నీ పడ్డాక ఏనుగు అరుపులో మధ్య గడి ఒక్కటే మిగిలింది. మొదట 'బృం', చివర 'తం'. నడుమ 'హి' తప్ప ఇంకేది పెట్టినా నోరు తిరగలేదు. అదే రాసి పెన్సిలు కింద పెట్టేసరికి చిట్యాల బస్టాండు గేటు కనిపించింది.

"సారు గెలిచిండు," అన్నాడు గురవయ్య.

సారు తన పేపరు ఆమెకు అందించాడు, చూసుకోమన్నట్టు. పద్నాలుగు అడ్డంలో నీలం సిరాతో జలజం అని ఉంది. దాని కింద పదిహేను నిలువు జంట అయింది. ఆమె కళ్ళు ఒక్క క్షణం అక్కడ ఆగాయి. సారు పక్కన ఆయన విద్యార్థులిద్దరూ నిలబడి ఉన్నారు.

"మస్తు జల్ది చేసిన్రు సార్," అని పేపరు మడిచి ఇచ్చేసింది. "చాయ్ నాది. రేపు పేపర్ల జవాబులొస్తయి, అప్పుడు ఇంకోసారి చూస్కుందాం."

బస్టాండు పక్కనున్న గుడిసె హోటల్లో ముగ్గురికీ చాయ్ ఆమే ఇప్పించింది. ఓడిపోయిన మనిషిలా ఆమె తాగడం లేదని గురవయ్యకు అనుమానం వచ్చింది. "ఏంది, గంత నిమ్మళంగున్నవ్?" అన్నాడు.

"రేపు జెప్త అన్నా."

బుధవారం అమరేందర్ సారు బస్టాండుకు ముందే వచ్చాడు. బస్సింకా ప్లాట్‌ఫారం మీదికి రాలేదు. ఆయన చేతిలో ఆ రోజు పేపరు, నిన్నటి పేపరు రెండూ ఉన్నాయి. భాగ్యశ్రీని చూడగానే ఎదురొచ్చాడు.

"నిన్ననే చూసినవ్ గదా నువ్వు?"

"చూసిన సార్."

"మరెందుకు చెప్పలె?"

"మీ పిల్లలున్నరు గద సార్, పక్కన."

ఆయన ఆమె బ్యాగులోని నిన్నటి పేపరు అడిగి తీసుకుని జవాబులతో సరిచూశాడు. "ఇరవై ఆరేండ్ల సంది తెలుగు చెప్తున్న. ఆధారం పూర్తిగా చదవాలె అని పిల్లలకు రోజూ చెప్పేటోణ్ణే. తామర అని కనబడంగనే చెయ్యి ఆగలె."

"నేనూ టికెట్లు లేకుంటే ఆగకపోదును సార్. తిరుక్కుంట ఉండబట్టి తట్టింది."

బస్సు నిండాక, కదిలే ముందు, సారు లేచి నిలబడ్డాడు. క్లాసులో నిలబడినట్టే నిలబడ్డాడు. నిన్నటి పేపరు రెండు చేతులతో విప్పి పట్టుకున్నాడు.

"నిన్న నేను గెలిచినన్నరు. తప్పు. నాయి రెండు తప్పులు, కండక్టరమ్మది ఒక్కటి గూడ లేదు. ముందు చేయడం గొప్ప కాదు, సరిగ్గ చేయడం గొప్ప. గెలిచింది భాగ్యశ్రీ."

నిన్నటి కాలేజీ పిల్లల్లో ఒకడు ముందు చప్పట్లు కొట్టాడు. తర్వాత అందరూ కొట్టారు. ఆ రోజు డ్యూటీ లేకపోయినా, విషయం తెలుసుకోవడానికి పనిగట్టుకుని బస్టాండుకు వచ్చిన కౌసల్య కిటికీ బయట నిలబడి, "నేను మొన్ననే జెప్పిన!" అంది, ఎవరికీ ఏమీ చెప్పకపోయినా.

భాగ్యశ్రీకి చెవులు వేడెక్కాయి. సంతోషం ముఖంలో కనబడకుండా దాచుకోవడం ఆమెకు చేతకాలేదు, దాచుకోవాలనీ అనిపించలేదు. "సరే సార్, కూసోండ్రి. బండి కదలాలె" అని రెండుసార్లు విజిల్ వేసింది.

ఆ రోజు చిట్యాలలో చాయ్ సారు తాపించాడు. గ్లాసు సగమయ్యాక, ఆదివారం పేపరులో పెద్ద గళ్ళనుడికట్టు వస్తుందనీ, తనకు ఎప్పుడూ నాలుగైదు మాటలు మిగిలిపోతాయనీ చెప్పాడు. ఆమె నంబరు అడిగి రాసుకున్నాడు. నల్లగొండలో పెద్దమనుషులెందరో ఆయనకు తెలుసు. తెలుగు మాట కోసం ఇంకొకరి నంబరు తీసుకోవడం అదే మొదటిసారి.

ఆదివారం తొమ్మిదింటికి భాగ్యశ్రీ పానగల్‌లో ఇంటి ముందు యూనిఫాం పిండుతుంటే ఫోను మోగింది. సాలమ్మ తెచ్చి కూతురి చెవి దగ్గర పట్టుకుంది. అవతల అమరేందర్ సారు.

"అమ్మా, పేపరొచ్చిందా? ఇయ్యాళ జర కష్టముంది. ఇరవై రెండు నిలువు చూసినవా?"

"పొద్దుగాల ఆరింటికే మొత్తం నింపిన సార్," అంది భాగ్యశ్రీ, బట్ట దులిపి తీగ మీద వేస్తూ. "చెప్పుండ్రి, మీరు ఎంతవరకొచ్చిన్రు?"