మొదటి తెల్లచుక్క

మా నాటకాల కంపెనీలో రాణి వేషాలు వేసే షాంగ్ సూయిన్ తల కట్టడం నా పని. తడిపిన గుడ్డపట్టీని నుదుటి మీదుగా చుట్టి, కనుబొమలు పైకి లేచేదాకా లాగి ముడివెయ్యాలి. వదులైతే కళ్ళు వాలిపోయి రాణి కాస్తా వంటమనిషిలా కనబడుతుంది. బిగువైతే రెండో అంకం రాకముందే వాంతి చేసుకుంటుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ తల నా రెండు అరచేతుల మధ్య ఉంది. అందుకే నన్ను వీ పిన్నీ అని పిలుస్తుంది. మిగతావాళ్ళని పిలవదు, వేలు చూపిస్తుంది.

మా తియాంజిన్ చలి ఎముకలు కొరికే చలి. సూయిన్ రంగుల గదిలోకి వచ్చేసరికి ఆవిడ కాళ్ళ కింద ఇత్తడి కుంపటి రాజుకుని ఉండాలి. కుందేలు బొచ్చు చెప్పులు దాని పక్కన వెచ్చబడి ఉండాలి. అరచేతిలో ఇమిడే మట్టికూజాలో బేరిపండు ఉడికించిన నీళ్ళుండాలి. మూతి నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ తాగుతుంది, ఆ కూజా నేను తప్ప ఇంకొకరు ముట్టకూడదు. ఒకసారి కొత్తగా వచ్చిన పిల్ల తెలియక జరిపితే కూజాని నేలకేసి కొట్టి, ఆ పిల్లచేతే పెంకులు ఏరించింది.

ఇంత వైభవమూ ఉండి, ఆవిడ కూడా ఒక మనిషి కోసం ఆగాల్సి వచ్చేది. హాస్యగాడు తన ముక్కు మీద తెల్లరంగు పెట్టుకోనిదే ఇంకెవరూ కుంచె ముట్టకూడదు. ఏనాడో ఒక చక్రవర్తి సరదాపడి హాస్యగాడి వేషం కట్టాడట, అప్పటినుంచీ ఆ మర్యాద. నిజమో కట్టుకథో గానీ మా కంపెనీలో ముప్ఫైమందీ దానికి తలొగ్గేవాళ్ళు.

మా హాస్యగాడి పేరు చియావ్. అందరికీ నాలుగో బాబాయ్. అరవై దాటాయి, పెళ్ళాం లేదు, పళ్ళు సగమే. స్టేజీ ఎక్కితే ప్రతివాడిచేతా తన్నులు తినే వేషాలే. ఆ తెల్లచుక్క దగ్గర మాత్రం మహారాజు. చేతులు కడుక్కునేవాడు. కుంచెని నోటి ఆవిరితో వెచ్చబెట్టేవాడు. తర్వాత చొక్కాలోంచి సొరబుర్ర తీసేవాడు. అందులో ఆకుపచ్చటి కీచురాయి. ఒంటి వేడికి చలికాలమంతా బతికి పాడుతూ ఉండేది. దానికి క్యారెట్టు ముక్క నలిపిపెట్టి, అది తిన్నాకే తనకి రంగు.

"బాబాయ్, అది నమిలేసరికి తెల్లారుద్ది," అని ఎవరో గునిసేవాళ్ళు.

"దానికీ నాకూ కలిపి ఒక నోటికి సరిపడా పళ్ళున్నాయిరా, కంగారుపడకు."

కాళ్ళు పీకుతుంటే నాకూ ఒళ్ళు మండేది, దాచను. కానీ ఆ కాసేపే కదా, పోనీలే అనుకునేదాన్ని.

గొడవంతా నాటకంలోనే మొదలైంది. రాజు చనిపోయాడని రాణికి కబురొస్తుంది. పాట ఎత్తుకునే ముందు సూయిన్ కదలకుండా నిలబడుతుంది. హాలంతా ఊపిరి బిగబడుతుంది. ఆ మౌనానికే ఆవిడకి పేరు. ఆ రోజు ద్వారపాలకుడి వేషంలో పక్కనే నిలబడ్డ చియావ్ చొక్కాలో కీచురాయి గొంతెత్తింది. మేడమీది బల్లల్లోంచి ఎవడో "భేష్, కీచురాయీ!" అని అరిచాడు. హాలు హాలంతా పగలబడి నవ్వింది. రాణి దుఃఖం ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

లోపలికొచ్చి ఆవిడ బేరినీళ్ళు తాగింది. పట్టీ విప్పుతుంటే కణతలు నా వేళ్ళకింద టకటకా కొట్టుకుంటున్నాయి.

మర్నాడు చియావ్ క్యారెట్టు నలుపుతుంటే బొచ్చుచెప్పులు ఈడ్చుకుంటూ వచ్చింది.

"నిన్న భలే పాడింది బాబాయ్. ఏదీ, ఒకసారి చూడనివ్వండి."

పిచ్చి ముసలాడు మురిసిపోయి చేతికిచ్చాడు. ఆవిడ సొరబుర్రని చెవి దగ్గర పెట్టుకుంది.

"పాపం, చలికి గొంతు పట్టేసినట్టుంది. వీ పిన్నీ, టీ ఉందా?"

కుంపటి మీద మరుగుతున్న గిన్నె తెచ్చాను.

"ఇందులో పొయ్యి."

పోశాను. చెయ్యి వణికిందని చెప్పుకుంటే బాగుండును, వణకలేదు. లోపల చిన్న చప్పుడొచ్చి ఆగిపోయింది.

చియావ్ సొరబుర్రని లాక్కుని తలకిందులు చేశాడు. నీళ్ళతోబాటు అదీ అరచేతిలో పడింది, కాళ్ళు ముడుచుకుని. దాన్ని అద్దం ముందు పెట్టాడు. కుంచె పక్కన పెట్టేశాడు.

"ఇవాళ నాకు రంగెయ్యాలని లేదు."

మేనేజరు లుయో పరిగెత్తుకొచ్చాడు. "హాలు నిండిపోయింది బాబాయ్. నా మొహం చూసి కానివ్వండి."

"మీ రాణిగారిని దీనికి మూడుసార్లు వంగి దండం పెట్టమను, వేస్తా. లేదా రంగులేని మొహంతోనే వెళ్ళి మొగుడి కోసం ఏడవమను. అదీ చూడముచ్చటగానే ఉంటుంది."

ఎవరూ కుంచె ముట్టలేదు. నా చేతిలో పట్టీ ఆరిపోతుంటే మూడుసార్లు తడిపాను. ఆవిడ వంగాలని నాకు ఎంత ఉందో చెప్పలేను. గదిలో అందరికీ ఉంది. అందరం నేలచూపులు చూస్తూ దానికోసమే కాచుకున్నాం.

సూయిన్ లేచి వచ్చింది. చచ్చిన కీచురాయి ముందు నిలబడి ఒకసారి వంగింది. రెండోసారి వంగింది. మూడోసారి నుదురు బల్లకి తగిలేంత వంగింది. చియావ్ పెదాలు అదిరాయి.

"చాలు తల్లీ, చాల్లే," అని కుంచె కోసం చెయ్యి చాపాడు.

కుంచె అక్కడ లేదు. ఆవిడ చేతిలో ఉంది.

"హాస్యగాడి ముక్కు మీద ముందు తెలుపు పడాలి, అంతే కదా బాబాయ్ నియమం? ఎవరి చేత్తో పడాలో చక్రవర్తి చెప్పాడా?"

అందరూ లుయో వైపు చూశారు. లుయో గడియారం వైపు చూశాడు.

"చెప్పలేదనుకుంటా," అన్నాడు.

"వీ పిన్నీ, తల పట్టుకో."

తల పట్టుకోవడం నాకు వచ్చిన ఒకే ఒక్క విద్య. ఒక అరచెయ్యి గడ్డం కింద, ఒకటి మెడ వెనక. అలా పట్టుకుంటే ఎంతటివాడైనా కదల్లేడు. చియావ్ గింజుకున్నాడు. దుస్తుల పెట్టెలు చూసుకునే అతను చేతులు పట్టుకున్నాడు. సూయిన్ తలకన్నా ఆ తల చాలా తేలిక. ఆవిడ పెళ్ళికూతురికి బొట్టు పెట్టినంత శ్రద్ధగా ముక్కు మధ్యలో తెల్లచుక్క పెట్టింది.

మరుక్షణం ముప్ఫై కుంచెలు లేచాయి. నీళ్ళ గిన్నెలకి తగిలి అన్నీ ఒకేసారి చప్పుడు చేశాయి. ఒక్కరూ ఆయన వైపు చూడలేదు.

ఆ రోజు ఆవిడ తల ఇంకో రెండు వేళ్ళు బిగించి ఉంటే స్టేజీ మీదే కూలిపోయేది. ఆ ఆయుధం నా దగ్గరుంది. నేనేం చేశానో తెలుసా? ఎన్నడూ కట్టనంత బాగా కట్టాను. చియావ్ తన్నులు తిన్నాడు, జనం ఎప్పటిలాగే నవ్వారు. రాణి మౌనంలో చీమ చిటుక్కుమనలేదు.

మర్నాడు చియావ్ వచ్చి చేతులు కడుక్కున్నాడు. చొక్కాలో చెయ్యి పెట్టి, గుర్తొచ్చి తీసేశాడు. కుంచె సూయిన్ బల్ల మీద ఉంది.

"వీ పిన్నీ, ఆయనకో చుక్క పెట్టిరా, మనకి బోలెడు పనుంది," అంది, కూజా నోట్లోంచి తియ్యకుండానే.

వెళ్ళాను. పట్టుకోవాల్సిన అవసరం రాలేదు. నన్ను చూసి ఆయనే గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు. ఏమైందో గానీ, నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"కానీ చెల్లెమ్మా," అన్నాడు కళ్ళు తెరవకుండా. "పాపం, అందరూ కాచుకుని ఉన్నారు."